కారు నోరు మూయించిన కథ

"కట్! కట్!"

ఆ మాట డైరెక్టరుగారి నోట వచ్చింది కాదండీ. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వెనక సీటు కింద ముడుచుకుని కూర్చున్న సౌండ్ కుర్రాడి నోట వచ్చింది. డైరెక్టరు తెల్లబోయి చూశాడు. హీరోయిన్ అమ్మాయి కన్నీళ్ళు అలాగే ఆపుకుని కూర్చుంది.

"ఏమైందిరా?"

"అన్నా, ఆమె ఏడుస్తున్నదా, పండ్లు నూరుతున్నదా నాకు తెలుస్తలేదు. కారొక్కటే మాట్లాడుతున్నది."

పాఠక మహాశయులకు మనవి, ఆ కారు మాది. 1974 నాటి అంబాసిడర్, మార్క్ టూ మోడలు. ఆ సినిమా చిన్న సినిమా. మా హనుమకొండ కుర్రాళ్ళు నలుగురు కలిసి తీస్తున్న ఇరవై నిమిషాల బొమ్మ. కథ 1980 లో జరుగుతుంది కాబట్టి కారు కావాలన్నారు. బాడుగ లేదు, భోజనం మాత్రం పెడతామన్నారు. వారం వారం సినిమా వాళ్ళ మీద రాసి పొట్ట పోసుకునేవాణ్ణి, కాదని ఎలా అనగలను? పైగా డబ్బింగు థియేటరుకు కట్టడానికి డబ్బులు లేక, మాటలన్నీ అక్కడికక్కడే రికార్డు చేసుకుంటున్నారు. ఆ అమ్మాయి నాటకాల్లో ఆరితేరిన మనిషి. మంచి గొంతు. ఆ గొంతంతా మా కారు మింగేసింది.

ఆ సాయంత్రం కుర్రాడు హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టి వినిపించాడు. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. నేను పదేళ్ళ వయసు నుంచి ఎక్కుతున్న కారు అంత రణగొణ చేస్తుందని నాకు తెలియదు. రోజూ వినేవాడికి వినిపించదు కదా!

మీకొక సందేహం రావచ్చు. మన నలుపు తెలుపు సినిమాల్లో హీరో హీరోయిన్లు కార్లలో ఎన్ని కబుర్లు చెప్పుకోలేదు, ఎన్ని పాటలు పాడుకోలేదు? అప్పుడీ గొడవ లేదే? ఉండదు మరి. ఆ రోజుల్లో ఆ సీన్లలో చాలా వాటికి కారు స్టూడియో ఫ్లోరు దాటేది కాదు. వెనక తెర మీద ముందే తీసుకొచ్చిన రోడ్డు పరుగెత్తుతుంటుంది. బంపరు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని కారును మెల్లగా ఊపుతుంటారు. హీరోగారు స్టీరింగు అటూ ఇటూ తిప్పుతుంటారు. స్టార్టు చెయ్యని ఇంజనుకు చప్పుడెక్కడిది? అప్పుడు నోరు మూయించాల్సింది కారును కాదు, కెమెరాను. లోపల ఫిల్ము గిరగిర తిరిగే శబ్దం మైకుకు ఎక్కుతుందని కెమెరాకు దళసరి తొడుగు వేసేవారు. దాన్ని బ్లింప్ అనేవారు. తర్వాత అవుట్‌డోర్లు పెరిగాయి, తొడుగు లేని తేలిక కెమెరాలు వచ్చాయి, మాటలన్నీ తర్వాత డబ్బింగులో చెప్పించుకోవడం అలవాటైంది. హిందీలో 2001 లో వచ్చిన 'లగాన్' మాటల్ని షూటింగు స్పాటులోనే రికార్డు చేస్తే దేశమంతా వింతగా చెప్పుకున్నారు. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' నాటికి అది వింత కాదు, వేరే దారి లేని పని.

అన్నట్టు, ఆ 'భక్త ప్రహ్లాద' విడుదలైంది 1932 ఫిబ్రవరి 6 న. అదే సంవత్సరం జూన్‌లో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైంది. తెలుగు బొమ్మకు మాటొచ్చిన ఏడే తెలంగాణ రోడ్డు మీద సర్కారు బస్సు గర్జించడం మొదలుపెట్టిందన్నమాట. ఆ తొలినాటి ఆల్బియన్ బస్సు ఒకదాన్ని 'డెక్కన్ క్వీన్' అని పేరు పెట్టి హైదరాబాదులో భద్రంగా కాపాడారు. దాన్ని చూసినవారంతా ముచ్చటపడతారు. నాకు మాత్రం దాని డ్రైవరు సీటు మీదికే చూపు పోతుంది. కారణం ఉంది.

మా బాపు బస్సు డ్రైవరు. ఎవరి బస్సు, ఏ రూటు అని అడక్కండి. ముప్పయ్యేళ్ళకు పైగా నడిపాడు. ఇంజను ముందుండే బస్సులు మీరంతా ఎక్కినవే. డ్రైవరుకు ఎడమపక్కన ఇంత ఎత్తున బానెట్టు ఉంటుంది. సీటు దొరకని ప్యాసింజర్లు దాని మీద కూర్చునేవారు, చలికాలం వెచ్చగా ఉందని మురిసేవారు. ఆ వెచ్చదనం ఎండాకాలంలో ఎలా ఉంటుందో బాపు ఎడమకాలి పిక్కనడగాలి. నల్లగా కమిలిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఎండాకాలం గోనెసంచి తడిపి బానెట్టు మీద పరిచేవాడు. పాత గొంగడి మడిచి కాలికీ బానెట్టుకూ మధ్య దోపేవాడు. వేడికీ చప్పుడుకూ ఆయనెరిగిన ఇన్సులేషను అదే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ళ తరబడి 85 డెసిబెళ్ళు దాటిన చప్పుడులో ఉంటే చెవులు చెడతాయని వైద్యులు చెబుతారు. బాపుకు ఎవరూ చెప్పలేదు. రిటైరయ్యే నాటికి ఇంజను వైపు చెవి, అంటే ఎడమ చెవి, ఇంచుమించు పనిచెయ్యడం మానేసింది. కుడిచెవి సగం.

1998 లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఈ అంబాసిడరును సెకండ్ హ్యాండులో కొన్నాడు. "గింతకాలం మందిని కూసోబెట్టి నడిపిన. గిప్పుడు మనోళ్ళను కూసోబెడ్త" అన్నాడట అమ్మతో. నాకు బాగా గుర్తు, అశోకా థియేటరుకు ఆ కారులో వెళ్ళి దిగిన రోజున నేనే హీరోనన్నట్టు నడిచాను. ఆ కారును ఇప్పటికీ ఆయనే నడుపుతాడు. ఈమధ్య ఇంటి చుట్టుపక్కల వరకేననుకోండి.

ఇంతకీ ఆ కారుకు 50 ఏళ్ళు నిండాయి. 2021 లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ బండ్లకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉంటే ఆ గుర్తింపు ఇస్తారు. నెంబరులో 'వీ ఏ' అని రెండక్షరాలు వస్తాయి. అయితే ఆ గుర్తింపు తీసుకున్న బండిని రోజూ తిప్పకూడదు, వ్యాపారానికి వాడకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో బయటికి తియ్యాలంతే. నేను ఉబలాటపడి బాపుకు చెబితే, "కూరగాయలకు గూడ పోరాదంటే అది బండెందుకైతదిరా, ఫొటో అయితది" అన్నాడు. ఆ సంగతి అంతటితో సరి.

సరే, అసలు కథలోకి వద్దాం. కారు నోరు మూయించాలి. ములుగు రోడ్డు వైపు ఒక షెడ్డులో డెంటింగ్ మేస్త్రి ఉన్నాడు. పాత కార్లంటే ప్రాణం. కోటింగు కొట్టించుకుందామని పోయాను. మేస్త్రి కారు చుట్టూ ఒకసారి తిరిగి, డోరు రేకు మీద వేలి కణుపుతో కొట్టాడు. స్టీలు కంచంలా ఖంగుమంది. రెండో చేతివేలు రేకు మధ్యలో ఆనించి మళ్ళీ కొట్టాడు. ఈసారి టప్‌మని ఆగిపోయింది.

"గిదే సార్ కోటింగంటే. నా యేలు జేసిన పనే అది జేస్తది. గంతకన్న ఎక్కువ ఆశ పెట్టుకోకుండ్రి."

ఎన్ని ఇంగ్లీషు పుస్తకాలు చదివినా ఇంత తేలిగ్గా తెలిసేది కాదు. ఇంజను ఊపుకు, రోడ్డు కుదుపుకు కారు రేకులన్నీ డప్పు చర్మంలా అదురుతాయి. ఆ అదురే మనకు వినిపించే బొయ్యిమనే మోత. రేకుకు జిగటగా, కాస్త రబ్బరులా సాగే పూత పట్టిస్తే ఆ అదురు పూతలోనే వేడిగా మారి చచ్చిపోతుంది. అందుకు రేకంతా పులమక్కర్లేదు. మధ్యలో నాలుగోవంతు మేర పట్టించినా చాలావరకు పని జరుగుతుంది. తక్కిన మూడువంతులు డబ్బాలమ్మేవాడి లాభం.

ఇక రెండో చప్పుడు గాలితో వచ్చేది. అది కోటింగుకు లొంగదు. గాలి దూరే చోటల్లా చప్పుడూ దూరుతుంది. ఇంజనుకూ మనకూ మధ్యనుండే రేకుగోడలో వైర్లకు, కేబుళ్ళకు, పెడళ్ళకు వేసిన కన్నాలుంటాయి. వాటి రబ్బర్లు యాభై ఏళ్ళకు పొడిపొడైపోయి ఉంటాయి. అవి మూసి, డోరు బీడింగులు మార్చాలి. సినిమా హాలు సంగతి మీకు తెలుసుగా! గోడలకు చిల్లుల అట్టలు, మెత్తటి గుడ్డలు వేస్తారు. అవి లోపలి ప్రతిధ్వనిని చంపడానికే. వీధిలో ఆటో హారను వినపడకుండా ఆపేది మాత్రం మందపాటి గోడ, బిగువుగా పడే తలుపు. తలుపు దగ్గర జానెడు సందున్న హాలులో ఎన్ని అట్టలు వేసినా ఒకటే.

మూడోది వేడి. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు జరిగిన ఘోరం చెప్పాలి.

సీట్లు తీశారు. కింద రబ్బరు మ్యాటు, దాని కింద ఆ రోజుల్లో కంపెనీవాళ్ళ పద్ధతిలో వేసిన జనపనార ఫెల్టు. ఎన్ని వానల నీళ్ళు తాగిందో, ఎత్తితే ముక్కిపోయిన వాసన. ఆ ఫెల్టు కింద నల్లగా, నున్నగా, చూడముచ్చటగా తారుపూత. అది చూసి నాకు గర్వంగా అనిపించింది కూడా. ఎందుకంటే ఆ పూత వేయించింది నేనే. 2017 లో ఒక పత్రికవారి నుంచి ఏడాది బాకీ ఒక్కసారిగా చేతికొచ్చింది. బాపుకు ఏదైనా చెయ్యాలనిపించి, ఊళ్ళో ఒక షెడ్డుకు తీసుకుపోయి లోపలా అడుగునా కోటింగు కొట్టించాను. పొద్దున ఇస్తే సాయంత్రానికల్లా తయారు. ఎంత త్వరగా చేశారో అని మెచ్చుకుని మరీ డబ్బులిచ్చాను.

మేస్త్రి స్క్రూడ్రైవరు తీసి, డ్రైవరు సీటు ముందర, యాక్సిలరేటరు మీద కాలుంచేవాడి మడమ ఆనే చోట పొడిచాడు. పిడి దాకా దిగింది. బయటికి లాగితే ఆ కన్నంలోంచి షెడ్డు నేల కనిపించింది.

నాకు నోట మాట రాలేదు. మేస్త్రి గీకుతూ పోయాడు. తారు చపాతీలా పొరలు పొరలుగా లేచి వచ్చింది. దానికంటుకుని ఎర్రటి తుప్పు పొడి. రెండు చేతులు పట్టేంత మేర రేకనేది లేనే లేదు. ఉన్నది తారు, ఫెల్టు, మ్యాటు. వాటి మీద బాపు కాళ్ళు. 2024 మేడారం జాతరకు అమ్మను, బాపును అదే కారులో దాదాపు వంద కిలోమీటర్లు పంపించి, ఇంటిదగ్గర హాయిగా కూర్చుని కాలం రాసుకున్నవాణ్ణి నేను.

"ఆ పూత లేకుంటే కన్నం ఆనాడే కనబడేది సార్" అన్నాడు మేస్త్రి, నన్ను తిట్టకుండా. "తుప్పు మీద కొట్టిండ్రు. లోపల తడి లోపల్నే ఉన్నది. పైన నున్నగ గనబడ్తది, లోపల తింటది."

తప్పు ఆ షెడ్డువాళ్ళదేనని సరిపెట్టుకుందామని చూశాను. కుదర్లేదు. "లోపల ఎట్లుందో చూసి చెయ్యండి" అని ఒక్క మాట అడగనివాణ్ణి నేను. సాయంత్రానికల్లా కావాలన్నది నేను. మెరిసేదాన్ని చూసి డబ్బులిచ్చింది నేను.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. చెప్పాక ఆయన కాసేపు ఊరుకుని, "మడిమె కాడ జర మెత్తగ తాకుతున్నదనుకున్న. మ్యాటు కొత్తదేమో అనుకున్న" అన్నాడు. అంతే. ఇంకో మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కోటింగు డబ్బాలకని దాచిన డబ్బంతా రేకుకూ వెల్డింగుకూ పోయింది. నిజానికి పోవలసిన క్రమం కూడా అదే. ముందు వెల్డింగు, తర్వాతే పూత. తారు పూసిన రేకు మీద టార్చి పెడితే అంటుకుంటుంది. పాత ఫెల్టు పెట్రోలు గుడ్డలాగా మండుతుంది. మేస్త్రి కుళ్ళిన చోటల్లా కోసేసి, కొత్త రేకు అతికి, వెనక చక్రాల లోపలి అంచుల దాకా వెతికాడు. అవతల సినిమా కుర్రాళ్ళకు పరీక్షలు వచ్చాయి. నా దగ్గర డబ్బులు లేవు. ఇద్దరికీ కలిసొచ్చింది.

కలిసిరావడమంటే మరోటి కూడా ఉంది. మేము మొదలుపెట్టింది మే నెలలో. మన హనుమకొండ ఎండ, చుట్టూ గుట్టల సెగ మీకు తెలియందేముంది. మధ్యాహ్నం కారు రేకు మీద చెయ్యి పెట్టలేం. ఇప్పుడొచ్చే పూతల్లో మంచివి చాలావరకు నీళ్ళతో కలిపినవి. కాలే రేకు మీద పూస్తే పైన మీగడ కట్టి లోపల నీళ్ళు చిక్కుకుంటాయి. తర్వాత బుడగలొస్తాయి. వానాకాలం పూస్తే వారమైనా ఆరదు. "దసరా పోనీయిండ్రి సార్, కార్తీకంల కొడ్దాం" అన్నాడు మేస్త్రి. డబ్బా మీద రాసి ఉండే సూచనలన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడాయి.

కార్తీకంలో మొదలైంది. పూత పూయడం ఒక పూట పని. దానికి ముందరి పని నాలుగు రోజులు. వైరు బ్రష్షుతో గీకడం, తుప్పును చంపే యాసిడ్ ద్రావణం రాయడం, కడిగి ఎండబెట్టడం, చమురు జిడ్డు తుడవడం, ఎపాక్సీ ప్రైమరు కొట్టడం, అతుకుల సందుల్లో సీలరు నింపడం. ఇవన్నీ అయ్యాక గాని డబ్బా మూత తియ్యలేదు మహానుభావుడు. ఆ నాలుగు రోజులూ నేను అక్కడే ఉన్నాను. వ్యాసం రాయడానికని ఆయనకు చెప్పాను. అసలు కారణం వేరే.

మరో ముచ్చట. పూసేముందు మేస్త్రి కాగితం టేపు తీసుకుని ఒక్కొక్క చోటే మూసుకుంటూ పోయాడు, మా ఇంట్లో గ్రహణం రోజున అమ్మ గిన్నెల మీద దర్భలు వేసినట్టు. ఛాసిస్ నెంబరు పలక, బ్రేకు పైపులు, హ్యాండు బ్రేకు కేబులు, సీటు బోల్టుల రంధ్రాలు. నెంబరు మీద పూత పడితే రేపు ఆర్టీవో ఆఫీసులో చదవలేరు. సైలెన్సరు పైపు జోలికి పోనేకూడదు, పొగలొస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం డోర్ల అడుగున ఉండే నీళ్ళు పోయే చిల్లులు. అద్దం పక్కనుంచి దిగిన వాన నీరు వాటిలోంచే పోవాలి. అవి పూడితే డోరు నీళ్ళ తొట్టి అవుతుంది. 2017 లో కొట్టినవాళ్ళు నాలుగు డోర్లవీ పూడ్చేశారు.

లెక్క కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. చదరపు మీటరు రేకు మీద ఒక మిల్లీమీటరు మందాన తడిపూత వెయ్యాలంటే ఒక లీటరు పడుతుంది. ఆరాక పలచబడుతుంది. రేకు మందం కంటే కాస్త ఎక్కువగా, మిల్లీమీటరున్నర నుంచి రెండు దాకా ఆరిన పూత నిలవాలి. ఒకేసారి దట్టంగా కాదు, మూడు పలచటి పూతలుగా, ఒకటి ఆరాకే ఇంకొకటి. కప్పుకు మాత్రం తారు పలకలు అంటించవద్దన్నాడు. మన ఎండకు మెత్తబడి నెత్తిన ఊడిపడతాయి.

ఇప్పుడు వేడి. వేడిని ఆపే పెయింటని అమ్మేవాటిలో కంటికి కనపడనంత సన్నని బోలు గాజుపూసలో, సెరామిక్ పూసలో కలుపుతారు. పూస లోపల గాలి ఉంటుంది, గాలి వేడిని త్వరగా సాగనివ్వదు. మన గడ్డికప్పు ఇల్లు, దూది బొంత చేసే పనే. సూత్రం సరైనదే గాని, గడ్డికప్పు జానెడు మందం ఉంటుంది, ఈ పూత గోరంత కూడా ఉండదు. అందుకని రేకుకు చెయ్యి పెట్టగలిగేంత తేడా ఉంటుందే తప్ప, డబ్బా మీద బొమ్మలో ఉన్నట్టు లోపల ఊటీ అయిపోదు. అంతకంటే బాగా పనిచేసింది చవకైనది. సైలెన్సరు పైపు పోయే చోట, ఇంజను గోడకు, మెరిసే అల్యూమినియం రేకు ఒకటి వేలెడు సందు వదిలి బిగించాడు. సందులో గాలి ఆడుతుంది, మెరుపు వేడిని వెనక్కి కొడుతుంది. నీళ్ళు పీల్చే ఫెల్టు బదులు, పీల్చని రబ్బరు ఫోము పరిచాడు.

ఇంజను గోడ దగ్గర మాత్రం పేచీ వచ్చింది. బాపు షెడ్డుకు వచ్చి నిలబడ్డాడు.

"గక్కడ ఏం పెట్టకుండ్రి."

"కాకా, సప్పుడంతా గక్కడికెల్లే వస్తది" అన్నాడు మేస్త్రి.

"రానీ. టప్పెట్లు లూజైనయా, నీళ్ళు తక్కువైనయా, గా సప్పుడు తోటే నాకెర్క. నోరు మూస్తే రోగం చెప్పేదెవరు?"

నేను నచ్చజెప్పబోయాను. మేస్త్రి నన్ను ఆపి, డ్యాష్‌బోర్డు వైపు చూపించాడు. టెంపరేచరు ముల్లు ఎన్నేళ్ళ కిందట చచ్చిపోయిందో! ఆయిలు ఎర్రలైటు వెలగదు. ముప్పయ్యేళ్ళు చెవితో నడిపిన మనిషికి వాటి అవసరం పడలేదు. ఇప్పుడు ఆ చెవీ సగమే. మేస్త్రి ఇంకేమీ అనకుండా రెండు రోజులు కూర్చుని ముల్లు, లైటు రెండూ పనిచేయించాడు. బాపు ఇంజను స్టార్టు చేసి, ముల్లు పైకి లేవడం చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాడు. చేత్తో రేడియేటరు పైపు పట్టి చూసి, మళ్ళీ ముల్లు చూశాడు. "సరే కానియ్" అన్నాడు. చెవిమాట మాన్పించాలంటే కంటికి ఆధారం చూపించాలి కాబోలు. ఈ వరస నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, నోరు మూసే ముందు గేజీలు బాగుచెయ్యాలని.

షూటింగు మళ్ళీ మొదలైంది. హీరో కుర్రాడికి స్టీరింగు పక్కనుండే గేరు వెయ్యడం రాలేదు. ఎంత నేర్పినా మూడోది వెయ్యబోయి మొదటిది వేస్తున్నాడు. చివరికి బాపుకే హీరోగారి చొక్కా తొడిగి, చేతులు మాత్రం కనిపించేలా తీశారు. కాబట్టి ఆ బొమ్మలో స్టీరింగు మీద ముడతలు పడ్డ చేతులు కనిపిస్తే విమర్శకులు తొందరపడవద్దని మనవి. సౌండ్ కుర్రాడు వెనక సీటు కింద ముడుచుకున్నాడు. కాజీపేట రోడ్డు మీద ఒకే టేకు. ఆ అమ్మాయి గొంతు వణకడం కూడా రికార్డయిందట. ఫోనులో డెసిబెళ్ళు కొలిచి చూశాం, అంతకుముందుకంటే ఆరేడు తగ్గాయి. పది తగ్గితే చెవికి సగమైనట్టు తోస్తుందంటారు. అంటే సగం కూడా కాలేదన్నమాట. డోర్ల బీడింగు ఇంకా ఒకవైపు మిగిలింది, డబ్బులొచ్చాక.

రాత్రి కుర్రాళ్ళను సుబేదారిలో దింపి ఇద్దరం ఇంటికి బయల్దేరాం. ఎప్పటిలాగే నేను ఎడమ సీటులో, అంటే బాపుకు వినపడని చెవి వైపు. చిన్నప్పటినుంచీ ఆ సీటులో కూర్చుని ఏది అడిగినా ఆయన జవాబు చెప్పేవాడు కాదు. ఆయనది ముక్కోపమనుకునేవాణ్ణి. డ్రైవింగులో మాట్లాడటం ఇష్టముండదని అమ్మ సర్దిచెప్పేది. పెద్దయ్యాక కారణం తెలిసింది గాని, అప్పటికి అడగడమే అలవాటు తప్పింది. ఏదైనా తప్పనిసరైతే గొంతు చించుకునేవాణ్ణి.

నక్కలగుట్ట దగ్గరికి వచ్చేసరికి పెట్రోలు ముల్లు కిందికి పోయి కనిపించింది. అలవాటు కొద్దీ ముందుకు వంగి, అరిచాను.

"బాపూ! పెట్రోలు కొట్టియ్యాల్నా?"

ఆయన ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు.

"గట్లెందుకు ఒర్లుతున్నవ్‌రా? ఇనబడ్తుంది."